మందుల షాపు ఖాతా మూసిన ఎకరం మిర్చి: మూడు పంటల కేస్ స్టడీ

2022 ఫిబ్రవరి. అప్పటికి పల్నాడు ఇంకా వేరే జిల్లా కాలేదు, గుంటూరు జిల్లాలోనే ఉంది. ఒక మిర్చి రైతు ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే ఆ ఇంటి వదిన లోపలికి వెళ్లి, పిల్లలు రాసి వదిలేసిన పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసింది. "చూడు తమ్ముడూ, మీ అన్న కొట్టిన మందులన్నీ ఇందులోనే ఉన్నయ్, నువ్వే లెక్కేసుకో" అంది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా, మూడెకరాల సొంత చేలో, 31 సార్లు. తేదీ, మందు పేరు (ఆమె చెవికి ఎలా వినపడితే అలా రాసింది, సగం పేర్లు నాకే అర్థం కాలేదు), డబ్బా రేటు, చివర ఒక మాట. 31 వరసల్లో 26 చోట్ల ఆ చివరి మాట "ఖాతా".

ఆ ఏడు మన వైపు మిర్చి వేసినవాళ్లెవరూ మర్చిపోరు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు, మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనపడింది, 2021లో మన మిర్చి పూల మీద పడింది. మామూలు తామర పురుగైతే ఆకు పైకి దోనెలాగా ముడుచుకుంటుంది, పై ముడత అంటాం, ఏం చేయాలో రైతుకు తెలుసు. ఇది పూలోనే కాపురం పెడుతుంది, పూత రాలిపోతుంది, కొట్టిన మందు పూ లోపలికి సరిగా చేరదు. చేరకపోయేసరికి ఇంకో మందు, దానికీ లొంగకపోయేసరికి రెండు కలిపి, ఆ పైన రోజు విడిచి రోజు. ఇంతలో పురుగును తినిపెట్టే సాలీళ్లూ అక్షింతల పురుగులూ చేలోంచి పోయాయి, తామర పురుగు మాత్రం పోలేదు. అన్నకు ఎకరానికి 6 క్వింటాళ్లు వచ్చింది. మామూలుగా 20 దాకా తీసే చేను అది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కేసు ఒక పక్క నుంచే చూసినట్టవుతుంది. నాది అగ్రికల్చర్ బీఎస్సీ. మొదటి రెండేళ్లు ఒక పురుగుమందుల కంపెనీకి ఊళ్లు తిరిగాను, అంటే ఇలాంటి ఖాతాలు పెంచే పనే. ఆ తర్వాత రైతు సంఘాలతో పనిచేస్తూ మందు లేని మిర్చి మీద పడ్డాను. కాబట్టి షాపు కౌంటరుకు రెండు పక్కలా నిలబడినవాణ్ణి.

ఆకు ముడుచుకుంటే రైతు ఏం చేస్తాడో చూశారా? ఒక కొమ్మ తుంచి చొక్కా జేబులో పెట్టుకుని బండి మీద షాపుకు పోతాడు. కౌంటరు మీద పెడతాడు. షాపతను ఆ ఆకును ఒకసారి తిప్పి చూసి, ఒక్కోసారి తిప్పకుండానే, మూడు డబ్బాలు పెడతాడు: పురుగుకొకటి, తెగులుకొకటి, టానిక్ ఒకటి. మూడూ కలిపి కొట్టమంటాడు. డబ్బులు అడగడు, ఖాతాలో రాసుకుంటాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట వచ్చాక చూసుకుందాం అంటాడు. పంట వచ్చాక ఆయన చెప్పిన కమీషన్ కొట్టులోనే కాయ దించాలి. డాక్టరు, మెడికల్ షాపు, వడ్డీ వ్యాపారి, చివరికి కాయ అమ్మిపెట్టేవాడు, అన్నీ ఒక్కడే అన్నమాట. అలాంటి మనిషి చెప్పిన డబ్బా వద్దని రైతు ఎలా అంటాడు? వద్దంటే వచ్చే వారం యూరియా ఖాతాలో రాయడు. పురుగుమందుల వల్ల వచ్చే జబ్బుల గురించి నేను ఎన్ని బొమ్మలు చూపించి మీటింగులు పెట్టినా ఈ ఒక్క ముడి విప్పకుండా ఏ చేనూ మారదని నాకు బాగా ఆలస్యంగా అర్థమైంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరు 2000ల మొదట్లో పత్తి, మిర్చిలో పురుగుమందులు మానేసినప్పుడు కూడా కథ ఇదే: విత్తనం, మందు, అప్పు, అమ్మకం అన్నీ ఒకే డీలరు చేతిలో ఉండేవి, అక్కడ గట్టిగా నిలబడింది ఆడవాళ్ల సంఘాలు. 2004-05 నుంచి పొదుపు సంఘాల ద్వారానే ఆ పద్ధతి మిగతా జిల్లాలకు పాకింది, 2016లో రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టినప్పుడూ దారి అదే, ఆడవాళ్ల సంఘాలే. అంతర్జాతీయ అవార్డులు వచ్చినప్పుడు అందరూ పేడ, మూత్రంతో చేసే జీవామృతం గురించి రాస్తారు. సంఘం అప్పు గురించి రాసేవాళ్లు తక్కువ.

సరే, మన అరుగు మీదికి వద్దాం. నోటుపుస్తకం చూసి ఒక మాట అడిగాను, "వదినా, మీ ఇంటి కారం కూడా ఈ కాయదేనా?" ఆమె నవ్వింది. "పిచ్చోడివా? ఆ చివర బోరు దగ్గర రెండు సాళ్లు వదిలేస్తాం, ఇంటికి ఆ కాయే." మందు కొట్టని సాళ్లు ఉన్నాయన్నమాట! పోయి చూశాను. బాగున్నాయని చెప్పను, మొక్కలు పొట్టిగా, ముడతతో ఉన్నాయి. కానీ కాయ ఉంది. 31 సార్లు కొట్టిన చేనుకూ అసలు కొట్టని రెండు సాళ్లకూ ఆ ఏడు తేడా కంటికి పెద్దగా ఆనలేదు. అన్న కూడా చాలాసేపు అక్కడే నిలబడి చూశాడు, ఏమీ అనలేదు.

ఆ వేసవిలో ఒప్పందం కుదిరింది: ఒక్క ఎకరం. మూడూ మార్చేద్దామని వదిన, అసలు వద్దని అన్న, మధ్యలో నేను. మూడెకరాలూ ఒకేసారి మారిస్తే మొదటి ఏడు దిగుబడి దెబ్బకు ఇల్లు తట్టుకోదని నాకు తెలుసు. శ్రీలంక 2021లో దేశమంతా ఎరువులూ మందులూ దిగుమతి ఆపేసి, అదే ఏడు నవంబరులో వెనక్కి తీసుకుంది కదా, ఇల్లయినా దేశమైనా తొందరపడితే అంతే. షాపు బాకీలో ఆ ఎకరం వాటా లెక్కగట్టి, వదిన డ్వాక్రా లింకేజి అప్పుతో (సంఘానికి బ్యాంకు ఇచ్చేది) కట్టేశారు. ఆ ఎకరానికి ఇక ఖాతా లేదు. మిగతా రెండెకరాలకూ, కౌలుకు తీసుకున్న నాలుగెకరాలకూ ఖాతా నడుస్తూనే ఉంది. షాపతను ఊరుకున్నాడా అంటే, ఊరుకున్నాడు, "ఒక ఎకరం పోనీ, అక్టోబరుకు ఆయనే వస్తాడు" అన్నాడట.

చేలో చేసిన పని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ వివరాలు ఏ శిక్షణలోనైనా దొరుకుతాయి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, పూతకు వచ్చాక కలియదున్నాం. నారు దోమతెర కింద పెంచాం. చేను చుట్టూ మూడు వరసలు జొన్న, మధ్యమధ్యలో బంతి, గట్ల మీద ఆముదం. నీలం జిగురు అట్టలు తామర పురుగుకు, పసుపువి తెల్లదోమకు. రెండు వారాలకోసారి నీటితో పాటు జీవామృతం: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలు చేసే బూజు) 2 కిలోలు 90 కిలోల పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండితో కలిపి నీడలో మాగబెట్టి వేశాం. పురుగు కనపడితే 100 లీటర్లకు 5 కిలోల వేపగింజల కషాయం. అన్నిటికంటే కష్టమైంది యూరియా మాన్పించడం. నల్లగా నిగనిగలాడే మొక్క చూస్తే రైతుకు ప్రాణం లేచొస్తుంది, రసం పీల్చే పురుగుకూ అంతే, ఆ లేత కండ అంటే దానికి పండగ. లేతాకుపచ్చ చేను చూసి అన్న రోజూ నన్ను తిట్టుకునేవాడు.

ఇక్కడ ఒక్క పని గురించి ఆగి చెప్పాలి. పొద్దున ఏడింటికి, చేలో అయిదు చోట్ల, ఒక్కో చోట అయిదు పూలు. తెల్ల కాగితం పూ కింద పట్టి రెండుసార్లు తట్టడం. నల్లటి సన్నటి నలుసులు రాలతాయి, అవి కదిలితే తామర పురుగు, కదలకపోతే దుమ్ము. ఎన్ని రాలాయో వదిన నోటుపుస్తకంలో రాస్తుంది, వాటితో పాటు సాలీడు గానీ అక్షింతల పురుగు గానీ కనిపిస్తే అదీ రాస్తుంది. అదే పాత నోటుపుస్తకం, రెండో వైపు నుంచి. మొదటి నెలలో ఒకసారి ఒక్కో పువ్వుకు ఏడెనిమిది రాలాయి, అన్నకు టెన్షన్, నాకూ టెన్షన్, ఆ రాత్రి నేను నిద్రపోలేదు. వదిన మాత్రం "నిన్న తొమ్మిది, ఇయ్యాల ఏడు, రేపు చూద్దాం" అంది. ఆ "రేపు చూద్దాం" అనగలగడం, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేకపోవడం, అసలు మార్పు అక్కడ జరిగిందని నా లెక్క. కషాయాల వల్ల ఎంత, ఊరికే ఆగడం వల్ల ఎంత అని నన్ను అడిగితే సగం సగం అంటాను, మా సంఘంలోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

మొదటి పంట, 2022-23. 11 క్వింటాళ్లు. పక్క చేను బాబాయికి 19. ధర బాగుంది, క్వింటా సుమారు 20 వేలు. మనకు 2,20,000 వచ్చి 1,05,000 ఖర్చు, మిగిలింది 1,15,000. బాబాయికి 3,80,000లో 2,10,000 పోగా 1,70,000. అంటే మందు మానినందుకు 55 వేలు తక్కువ. మందు అవశేషాలు లేని కాయకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు ఒకాయన సిద్ధంగా ఉన్నాడు, ఆ తేడా పూడుతుందని నేను ధీమాగా ఉన్నాను. శాంపిలు ల్యాబుకు పంపాం.

రిపోర్టులో ఫిప్రోనిల్ అనే రసాయన పురుగుమందు ఉంది.

ఆ రోజు ఆ ఇంటికి ఎలా వెళ్లానో నాకే తెలుసు. అన్న కాగితం చూసి, "నేను ఒక్క చుక్క కొట్టలేదు తమ్ముడూ, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. పక్క చేను గాలి అనుకున్నాం, ఆ వైపు సాళ్లు కోసేటప్పుడే వేరు చేశాం. స్ప్రేయరు అనుకున్నాం, కొత్తగా కొన్న బ్యాటరీ స్ప్రేయరు, దాన్ని మిగతా చేలోకి తీసుకుపోలేదు. చివరికి మళ్లీ వదిన నోటుపుస్తకమే. నవంబరులో రెండు చోట్ల "బయో మందు" అని ఉంది. ఒక్కో పువ్వుకు ఏడెనిమిది రాలిన ఆ వారమే. నేను ఊళ్లో లేను, ఫోన్లో అడిగితే "బయో అయితే పర్లేదు" అని నేనే చెప్పాను. ఆకుపచ్చ లేబుల్, వేపాకు బొమ్మ, నూటికి నూరు శాతం మూలికలు అని రాసుంది. సీసాలో అడుగున కొంచెం మిగిలి ఉంటే అదీ పరీక్షకు పంపాం. అందులోనూ ఫిప్రోనిలే. బయో పేరుతో రసాయనం కలిపి అమ్మడం మన వైపు కొత్తేమీ కాదు, రైతుకు రిజల్టు కనపడాలి కదా, వేపనూనె రెండు రోజుల్లో పురుగును చంపదు, అందుకని. ఇది తెలిసి కూడా లైసెన్సు నంబరు చూడకుండా, బిల్లు అడగకుండా ఫోన్లో సరే అన్నాను. ఈ కేసులో అన్నిటికంటే ఖరీదైన తప్పు నాది.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోరు. 100 కిలోల పండు కాయ ఎండితే 25 నుంచి 35 కిలోలే వస్తుంది. నీళ్లు పోతాయి, మందు అంతా పోదు. పచ్చి కాయలో పరిమితికి లోపల ఉన్నది ఎండు కాయలో దాటిపోవచ్చు. యూరప్‌లో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు మామూలుగా కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. రెండు స్ప్రేలు చాలు అది దాటడానికి.

ఆ కాయ మామూలు ధరకే గుంటూరు యార్డుకు పోయింది. షాపతను అక్టోబరు అన్నాడు గానీ, అన్న షాపు గడప తొక్కుతాడేమోనని నేను భయపడింది ఆ ఏప్రిల్లో. తొక్కలేదు. కారణం నా మాటలు కాదు, నోటుపుస్తకంలో అప్పు పేజీ ఖాళీగా ఉండటం. 1,15,000 చేతికి వచ్చిన డబ్బు, ఎవరూ పట్టుకోలేదు. పాత పద్ధతిలో చేసిన రెండెకరాల డబ్బు యార్డు నుంచి ఇంటికి రాకముందే ఖాతాకు పోయింది.

రెండో పంట, 2023-24. కాలువకు నీళ్లు లేవు, బోరు మీదే నడిచింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు మూడు రోజులు ముసురు. అప్పటికే పండిన కాయ చెట్టు మీద తడిసింది, కొమ్మ ఎండు తెగులు కొంత వచ్చింది, అయినా 14 క్వింటాళ్లు దిగింది. ఈసారి బయట సీసా ఒక్కటి కొనలేదు. అవశేషాల రిపోర్టు శుభ్రం. అందరం సంతోషించే లోపు రెండో కాగితం: మొదటి కోత లాటులో అఫ్లాటాక్సిన్. మసాలా దినుసుల్లో అన్ని రకాలూ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు, మాది దాటింది.

చేలో మందు లేదు కాబట్టి కాయ శుభ్రం అనుకున్నాం, కల్లం సంగతి మర్చిపోయాం. తడిసిన కాయను మట్టి కల్లంలో ఆరబోసి, రాత్రి మంచుకు కుప్ప చేసి పట్టా కప్పితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది, ఆ బూజు చేసే విషమే ఇది. పైగా టిక్కీలకు (మిర్చి బస్తాలకు) ఎత్తేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరించడం మన దగ్గర తరాల అలవాటు, కొంచెం తూకం కూడా కలిసొస్తుంది. కూలీలు వేపమండ నీళ్లలో ముంచి చల్లుతుంటే నేను అక్కడే టీ తాగుతూ చూశాను, నాకు తట్టలేదు! మూడో ఏడు నుంచి నేల మీద నాలుగు వేళ్ల ఎత్తున కర్రలు, వాటి మీద వల, పల్చగా పోయడం, తాలు కాయ, మచ్చ కాయ అదే రోజు ఏరేయడం, తేమ 10-11 శాతానికి వచ్చాకే పొద్దున్నే చల్లపూట సంచులకు ఎత్తడం, నీళ్ల చెంబు కల్లం దరిదాపుల్లో లేకుండా చూడటం. కాయ కొంచెం విరుగుతుంది, విరగనీ.

మూడో పంట, 2024-25. మిర్చి ధర పడిపోయిన ఏడు, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది గుర్తుందా. మనకు 15 క్వింటాళ్లు. రెండు పరీక్షలూ పాసయ్యాయి. 9 క్వింటాళ్లు 14,500 చొప్పున ఆ కొనుగోలుదారుకు, మిగతా 6 యార్డులో 11 వేలకు. మొత్తం 1,96,500. ఖర్చు 92 వేలు, మిగిలింది 1,04,500. బాబాయికి 21 క్వింటాళ్లు వచ్చింది, 2,31,000లో 1,75,000 ఖర్చు పోతే 56 వేలు, అందులోంచి వడ్డీ. ఈ లెక్కలో ఒక మోసం ఉంది, నేనే చెప్తాను. కషాయాలు కాచడం, పూలు తట్టడం, కాయ ఏరడం, వదిన పని 45 రోజులు దాకా ఉంటుంది, దానికి కూలి వేయలేదు. రోజుకు 400 వేసినా 18 వేలు, అప్పుడు మిగులు 86,500. ప్రకృతి వ్యవసాయం ఖర్చు తగ్గిస్తుందని చెప్పేవాళ్లలో చాలామంది ఆ ఇంటి ఆడమనిషి చేతులను ఖర్చు కింద రాయరు. నేనూ రెండేళ్లు రాయలేదు, వదినే అడిగింది, "నా కూలి ఏ పేజీలో రాశావు తమ్ముడూ?" అని.

ఇప్పుడు సొంత మూడెకరాలూ మారాయి, షాపు బాకీ ఆ మేరకు తీరింది. కౌలు నాలుగెకరాల్లో మాత్రం అన్న ఇంకా మందు కొడుతూనే ఉన్నాడు. కౌలు ఏడాదికే, వచ్చే ఏడు ఆ చేను ఎవరిదో తెలియదు, మూడేళ్లకు బాగుపడే నేల మీద ఒక ఏడాది మనిషి ఎందుకు పెట్టుబడి పెడతాడు? భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు, మూడేళ్లకు కాగితం రాయమని ఇద్దరం వెళ్లి అడిగాం, కౌలుదారు పేరు కాగితం మీదికి వస్తే పొలం చేజారుతుందేమోనని ఆయన భయం. మళ్లీ జూన్‌లో వెళ్తాం.

బోరు దగ్గర ఇంటి కారం కోసం వదిలే రెండు సాళ్లలో ఈ ఏడు వదిన వంగ వేసింది.